లోహపు పలక మీద నల్లచార

కాలేజీలో ఫిజిక్సు చదువుతున్న మనవరాలు మొన్న మధ్యాహ్నం తన పాఠం నాకు వినిపిస్తూ, సన్నటి గీతలు గీసిన లోహం మీద పడిన వెలుగులో ఒక్కొక్కప్పుడు ఒక రంగు తిరిగి రాక దాని చోటు నల్లగా ఉండిపోతుందనీ, ఆ రంగు వెలుగు లోహపు పైపొరలోని ఎలక్ట్రాన్లతో కలిసి అలలా దాని వెంబడే పాకిపోతుందనీ చదివింది. ఇక చాలమ్మా అని పడుకున్నాను గాని నిద్ర పట్టలేదు.

ముప్పైలనాటి హైస్కూళ్ళు ఎరిగినవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. ఏలూరులో నేను సైన్సు టీచరుగా చేరిన కొత్తల్లో లాబొరేటరీ అంటే రెండు బీరువాలు, వాటిలో ఎవరో దొరగారు వదిలివెళ్ళిన అలాంటి గీతల పలక ఒకటి, అగ్గిపెట్టెంత. మా సీనియర్ మాస్టారు కొల్లేటి లంకల్లోంచి పడవ మీద వచ్చి చదువుకున్న మితభాషి. కిటికీ సందులోంచి వచ్చే ఎండని ఆ పలక మీద పట్టి, విరిసిన రంగుల మధ్య ఉండకూడని చోట ఒక నల్లచార ఉండటం ఆయన కనిపెట్టారు. పలకని కాస్త వంచితే చార జరిగేది; వెలుగుని ఒక్క వాటంగానే పోనిచ్చే స్ఫటికం ఒకటి కంటికి అడ్డం పెట్టుకుని, ఆ స్ఫటికాన్ని అడ్డంగా తిప్పితే మాయమయ్యేది. రెండు వేసవులు ఇంటికి వెళ్ళకుండా కొలతలు రాసి మద్రాసులో ఒక ప్రొఫెసరు గారికి పంపితే, పలక మురికిగా ఉంది, శుభ్రం చేయించండి అని జవాబు వచ్చింది.

ఆ ఉత్తరం బల్ల మీద పెట్టి, ఆయన జ్వరంతో వారం రోజులు రాలేదు. నేను మేలు చేస్తున్నాననే అనుకుని, బడిగంటకి వాడే పాలిష్ పెట్టి పలకని తళతళలాడేలా రుద్దాను. గీతలు అరిగి, చారతో పాటు రంగులూ పోయాయి.

ఆయన వచ్చాక ఎదురుగా నిలబడి చెప్పేశాను. పలకని కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు.

“మురికి కాదండీ. మురికైతే స్ఫటికం తిప్పినప్పుడు పోదు కదండీ,” అన్నారు మెల్లగా.

“ఆ మాటే ఆయనకి మళ్ళీ రాయకపోయారా అండీ?”

“రాద్దామనే వచ్చానండీ ఇవాళ.”

తరవాత ఆయన తాడేపల్లిగూడెం బడికి మారిపోయి, అక్కడే రిటైరై, అక్కడే పోయారు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే ఈ బరువు కొంత తగ్గేదేమో.

ఇప్పటి పిల్లలు ఎంతటివాళ్ళు చెప్పినా తమ కంటితో చూసి గాని ఒప్పుకోరు. దాన్ని పొగరంటారు మా ఈడువాళ్ళు. నాకు మాత్రం అలా అనడానికి నోరు రాదు. పక్కనే ఉన్న మనిషి రెండు వేసవులు కళ్ళు కాయలు కాచేలా చూసినదాని కన్నా, ఎక్కడో కూర్చుని ఒకరు రాసిన ముక్కే నిజమనుకున్న కాలం మాది.