ప్రార్థన మనవుల్లో సారిక

సారిక మోటార్స్ మూతపడిందన్న వార్త పేపర్లో ఏడో పేజీలో, ధాన్యం ధరల కింద, నాలుగు లైన్లలో వచ్చింది. చదవగానే నాకు కలిగింది సంతోషమే, దాచుకోను. ముప్పై ఒక్క ఏళ్లు బందరులో వాహన బీమా సర్వేయరుగా పనిచేసినవాణ్ణి. ఆ కంపెనీ కారును తిట్టినంతగా నా రిపోర్టుల్లో మరే కారునూ తిట్టలేదు. పీడ విరగడైందనుకుంటూ కాఫీ గ్లాసు అందుకున్నాను. సగం తాగేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. నా మీద నాకే ఒళ్లు మండింది. ఎంత తిట్టినా నేనూ ఆ కారే కొన్నాను మరి. పద్దెనిమిదేళ్లుగా మా వాకిట్లో ఉన్నది అదే.

ఇలాంటప్పుడు వెళ్లాల్సిన చోటు నాకు ఒక్కటే తెలుసు. అవనిగడ్డలో మెకానిక్ ఎలీషా షెడ్డు. ఆ రోజు గురువారం. భోజనం చేసి బయల్దేరాను.

ఆ కారు సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. మిగతా కార్లలో మొదటి గేరు ఉండే చోట దీనికి రివర్సు ఉంటుంది. క్లచ్ పెడలు అసలు లేదు. గేరు రాడ్డు మీద చెయ్యి వేస్తే చాలు, బానెట్ కింద పిడికిలంత మోటారు ఒకటి క్లచ్ పని తనే చేసిపెడుతుంది. దాన్ని మేమంతా బుడ్డి అంటాం. అది ఆ కంపెనీ తప్ప ఇంకెవరూ తయారు చెయ్యరు. ఎడమ కాలికి ఈ కారులో ఉద్యోగం లేదు. కొన్న కొత్తలో ప్రతివాడూ ముందుకు వెళ్దామని వెనక్కి వెళ్లాడు, పైగా దాని వీపు వంగి ఉండేది. అందుకని మా డెల్టాలో దాన్ని సారిక అన్నవాడు లేడు. రొయ్య అన్నారు. పేరు రాసిన రేకు ఏడాది తిరక్కుండా ఊడిపోయేది కాబట్టి కొన్నవాళ్లు కూడా అసలు పేరు మరిచిపోయారు. పూర్తి పేరుతో, మర్యాదగా పిలిచేవాడు ఎలీషా ఒక్కడే.

మా ప్రాంతంలో వెనక్కి వెళ్లడమంటే కాలవలోకి వెళ్లడమే. రోడ్డు వారన ఎక్కడ చూసినా నీళ్లే. హంసలదీవి దగ్గర చేపల వ్యాపారం చేసే అంకమ్మరావు రొయ్యను కొన్న రోజు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. భార్య కొండమ్మ పసుపు రాసి, కుంకుమ పెట్టి, ముందు చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు పెట్టింది. ఊరంతా చుట్టూ నిలబడింది. అంకమ్మరావు దండం పెట్టుకుని, అలవాటు ప్రకారం మొదటి గేరు అనుకున్నది వేశాడు. బండి తిన్నగా వెనక్కి వెళ్లి కాలవలో కూర్చుంది. నిమ్మకాయలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. సర్వేకి నేను వెళ్లేసరికి కొండమ్మ, "దిష్టి ఇక్కడే ఉందండీ, బండే పోయింది" అంది. ఆ తర్వాత ఎలీషా కొత్తగా కొన్న ప్రతివాళ్లకూ ముందే చెప్పేవాడు, నిమ్మకాయలు వెనక చక్రాల వెనకాల పెట్టుకోండని. ఇలా చెప్పిన మెకానిక్ దేశంలో ఇంకొకడు ఉండడు.

ఎలీషాది పెదపారుపూడి దగ్గర ఒక పల్లె. నాన్న రైసు మిల్లులో ఇంజను దగ్గర పనిచేసేవాడు. ఇతను పొలాల్లో ఆయిలింజన్లు విప్పి బిగిస్తూ పని నేర్చుకున్నాడు. గుడివాడలో సారిక షోరూం పెట్టినప్పుడు అందులో చేరాడు. కంపెనీ అతన్ని మూడు నెలలు ఫ్యాక్టరీకి పిలిపించుకుని నేర్పింది. ఆ మూడు నెలల కబుర్లు పాతికేళ్లు చెప్పాడు. ఒకసారి, రివర్సు అక్కడెందుకు పెట్టారని అక్కడి పెద్ద ఇంజనీరును అడిగాడట. "కారు ఇంట్లోంచి బయటికి రావాలంటే ముందు వెనక్కే కదా రావాలి, అందుకని దాన్నే మొదట పెట్టాం" అన్నాడట ఆయన.

"చూశారా సార్, మన గురించి కూర్చుని ఆలోచించాడు" అనేవాడు ఎలీషా.

"ఆలోచించి కాలవలో పడేశాడు" అనేవాణ్ణి నేను.

నవ్వేవాడు గాని ఒప్పుకునేవాడు కాదు. ఒప్పుకోకపోవడానికి అతనికి కారణముంది. ఆ కారణం పేరు దేవమ్మ.

దేవమ్మ అతని భార్య. అవనిగడ్డ వైపు ఏఎన్ఎం. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. టీకాల డబ్బా భుజాన వేసుకుని, బస్సు మెట్లు చేతులతో పట్టుకుని ఎక్కి, దిగినచోటి నుంచి మైళ్లు నడిచి పల్లెలకు వెళ్లేది. ఆ రోజుల్లో మా వైపు దొరికే ఏ కారూ ఎడమ కాలు లేకుండా నడిచేది కాదు. సారిక నడిచేది. కంపెనీవాళ్లు ఇలాంటివాళ్ల కోసమని దాన్ని చెయ్యలేదు, తిక్క పుట్టి చేశారు. ఎలీషా ఒక పాత సారికను కొని, బాగుచేసి, కరకట్ట మీద నెల రోజులు ఆమెకు నేర్పాడు. ఆ నెలాఖరున ఆమె ఒక్కతే నాగాయలంక దాకా వెళ్లి తిరిగొచ్చింది. అతను షెడ్డు ముందు నిలబడి రోడ్డు వైపే చూస్తూ ఆ పూట అన్నం తినలేదని దేవమ్మే నాకు చెప్పింది. ఆ తర్వాత ఇరవై నాలుగేళ్లు దివిసీమలో ఆమె కారు తెలియని తల్లి లేదు.

గుడివాడ షోరూం మూతపడ్డాక ఎలీషా భార్య ఉద్యోగం ఉన్న అవనిగడ్డలోనే షెడ్డు వేసుకున్నాడు. చుట్టుపక్కల ఊళ్లలో మిగిలిన రొయ్యలన్నీ అతని దగ్గరికే వచ్చేవి. కొన్నేళ్లుగా కంపెనీ కుంటుతోంది. విడిభాగాలు రావడం తగ్గిపోయింది. చివరికి అతని దగ్గర ఒక్క కొత్త బుడ్డి మిగిలింది. దాన్ని బిస్కట్ల డబ్బాలో పెట్టి దేవమ్మ కారు కోసం దాచాడు. అంకమ్మరావు వచ్చి బతిమాలినా ఇవ్వలేదు. ఆ కారులో ఉన్నది అప్పటికే మూలుగుతోంది. కొత్తది వేస్తే రెండేళ్లు, మూడేళ్లు. తర్వాత దేవమ్మ మళ్లీ బస్సు మెట్లు ఎక్కాలి. అతని దిగులంతా అదే.

ఆ దిగులు మగవాళ్లకు చెబితే నవ్వుతారని ఎలీషా ప్రార్థనలో చెప్పుకున్నాడు. వాళ్ల సంఘంలో ప్రతి గురువారం ఎవరో ఒకరింట్లో కూడిక. చివర్న పాస్టరు జేమ్స్ గారు ప్రార్థన మనవులు అడుగుతారు. ఒకరికి షుగరు, ఒకరి పిల్లకు పరీక్షలు. ఎలీషా మాత్రం ప్రతివారం తల దించుకుని, "సారిక కోసం ప్రార్థన చెయ్యండయ్యా, పరిస్థితి ఏం బాగోలేదు" అనేవాడు. ఒకసారి, కంపెనీ అమ్మకం బేరం చెడినప్పుడు, "బయటి దేశం వాళ్లు వచ్చి చూసుకున్నారంటండీ, నచ్చలేదని వెళ్లిపోయారంట" అన్నాడు. సంఘంలోని ఆడవాళ్లు అయ్యో అన్నారు. ఆ వారం నుంచి సారికకు మంచి సంబంధం కుదరాలని కూడా ప్రార్థించారు. ఆ సారిక ఎవరని ఎవరైనా దేవమ్మను అడిగితే, "మా ఆయన తరఫు" అనేది. ఇలా ఐదేళ్లు గడిచింది.

నేను వెళ్లేసరికి షెడ్డు వెనకున్న వాళ్లింటి ముందు రొయ్యలు నాలుగు ఆగి ఉన్నాయి. అంకమ్మరావు అరుగు మీద కూర్చుని కంపెనీని అమ్మనాబూతులు తిడుతున్నాడు.

"పోవాల్సిందే బావా! నా మెడలు వంచేసింది. ఇంక అమ్మి పారేస్తాను" అన్నాడు ఎలీషాతో.

"ఎవడు కొంటాడు?" అన్నాను.

"కొంటానన్నా ఇవ్వనండీ" అన్నాడు, అంతే కోపంగా.

అందరిదీ అదే వరస. ఒకడు ఆగిపోయిన చోటు చెబితే ఇంకొకడు కాలవ లోతు చెప్పాడు. తిట్లు అయిపోయినా లేచి వెళ్లినవాడు లేడు. ఎలీషా మాత్రం బిస్కట్ల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

సాయంత్రం ఐదింటికి గేటు ముందు ఆటోలు రెండు ఆగాయి. తెల్లచీరలు కట్టుకుని, బైబిళ్లు పట్టుకుని పదిమంది ఆడవాళ్లు దిగారు. వాళ్ల వెనక పాస్టరు జేమ్స్ గారు దిగారు. పొద్దున ఎలీషా ఆయనకు ఫోన్ చేసి, "సారిక ఇంక లేదండయ్యా, మనవుల్లోంచి తీసెయ్యండి" అన్నాడట. మనిషి పోయిన ఇంటికి వెళ్లి ఆదరణ కూడిక పెట్టడం వాళ్ల పద్ధతి. ఒకావిడ దేవమ్మను కావలించుకుని ఏడ్చేసింది. దేవమ్మ భర్త మొహం చూసింది. అతను చాపల కోసం లోపలికి వెళ్లాడు. చాపలు పరిచారు. మేమూ కూర్చున్నాం.

పాట అయింది, వాక్యం అయింది. జేమ్స్ గారు మమ్మల్ని చూసి, "సారికను ఎరిగినవాళ్లు చాలామంది వచ్చారు. రెండు మాటలు చెప్పండి" అన్నారు.

అంకమ్మరావుకు ఈ గొడవేమీ తెలియదు. కండువా సర్దుకుని లేచాడు.

"ఏం చెప్పమంటారండీ. దాని మోజులో పడి కాలవలో పడ్డాను. మా ఆవిడ దాని మొహం చూడనంది. అయినా ఇరవై రెండేళ్లు వదల్లేకపోయాను. నేనొక్కణ్ణే కాదండీ, ఈ శోభనాద్రిగారు కూడా అంతే. పెద్దమనిషి, ఇప్పటికీ వాకిట్లోనే పెట్టుకున్నారు" అని నన్ను చూపించాడు.

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నన్ను చూసిన చూపులకు నేను భూమిలోకి కుంగిపోయాను. ఒక పెద్దావిడ బైబిలు ఠపీమని మూసింది.

జేమ్స్ గారు గొంతు సవరించుకున్నారు. "ఎలీషా, ఐదేళ్లుగా అడగలేదు. సారిక నీకేమవుతుంది?"

ఎలీషా లేచి నిలబడ్డాడు.

"మా ఆవిడ ఎడమ కాలండయ్యా" అన్నాడు.

అతను బయటున్న కార్లను చూపించాడు. "అదేనండీ సారిక. మీరంతా రొయ్య అంటారు. కంపెనీ ఉంటే బుడ్డి వస్తుంది. బుడ్డి ఉంటే దేవమ్మ బండి కదులుతుంది. కారు కోసం ప్రార్థన అడిగితే నవ్వుతారని చెప్పలేదండయ్యా. తప్పయింది."

ఐదేళ్లు ఒక కార్ల కంపెనీకి పెళ్లి కుదరాలని ప్రార్థించిన మనుషులు వాళ్లు. నవ్వొచ్చు, కోప్పడొచ్చు. ఒక్కరూ నవ్వలేదు. అందరూ దేవమ్మ కాలి వైపు చూసి, చూసినందుకు సిగ్గుపడి తలలు దించుకున్నారు. నేను జీవితంలో ఎప్పుడూ చెయ్యని పని చేశాను.

"నా బండిలో బుడ్డి బాగానే ఉంది. తీసుకో ఎలీషా" అన్నాను.

"నాది పాడైందిగాని, మిగతా సామానంతా ఊడదీసుకో బావా" అన్నాడు అంకమ్మరావు. వెనకనుంచి ఇంకో ఇద్దరు మావీ తీసుకొమ్మన్నారు.

"వద్దండీ" అంది దేవమ్మ. గోడ పట్టుకుని లేచింది. "ఎవరూ ఏమీ ఊడదియ్యొద్దు." భర్త వైపు తిరిగింది. "మీకొకటి చెప్పాలి. మూడు నెలల కిందట మీరు గుడివాడ వెళ్లినరోజు, షీబా కొత్త కారు నేను నడిపాను. బెజవాడ నుంచి ఇక్కడిదాకా."

షీబా వాళ్ల అమ్మాయి. బెజవాడలో ఆసుపత్రిలో నర్సు. ఈ మధ్యే క్లచ్ లేని ఆటోమేటిక్ కారు కొనుక్కుంది. ఎలీషా ముందు ఆ మాట ఎత్తడానికి మేమెవరమూ సాహసించేవాళ్లం కాదు. తన కంపెనీ ముప్పై ఏళ్ల కిందట చేస్తే అందరూ వెక్కిరించిన పనిని ఇప్పుడు అందరూ చేసి అమ్ముకుంటున్నారని అతని కడుపుమంట.

"ఎందుకు చెప్పలేదు?" అన్నాడు నెమ్మదిగా.

"మీరు వారం వారం తల వంచుకుని దానికోసం ప్రార్థన అడుగుతుంటే, అది లేకపోయినా నేను వెళ్లగలనని ఎలా చెప్పనండీ?" అంది.

ఎలీషా మెకానిక్ అడిగినట్టే అడిగాడు.

"పులిగడ్డ అక్విడక్టు వంతెన దగ్గర ఎత్తు మీద ఆపావా?"

"ఆపానండీ. ఎదురుగా బస్సొచ్చింది."

"మళ్లీ కదిలేటప్పుడు వెనక్కి జారిందా?"

"ఇసుమంతైనా జారలేదు."

"కాలు నొప్పి పెట్టిందా?"

"దానికి పనే పడలేదు."

అతను తలాడించాడు. వెళ్లి బిస్కట్ల డబ్బా తెచ్చి అంకమ్మరావు చేతిలో పెట్టాడు. రేపు పొద్దున్నే బండి తీసుకురమ్మన్నాడు. ఆ తర్వాత జేమ్స్ గారి వైపు తిరిగాడు.

"దేవుడు మనవి విన్నాడండయ్యా" అన్నాడు. "కంపెనీ పేరు మాత్రం మార్చేశాడు."

అని రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.