పనిమీదనా, ఊకెనేనా?

మా లెక్కల టీచర్ పోయారన్న సంగతి నాకు రెండు రోజులు ఆలస్యంగా తెలిసింది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఇలాంటివి రాసేటప్పుడు చివరి చూపు దక్కిందనో, చేయి పట్టుకుని కూర్చున్నాననో రాయాలనిపిస్తుంది. నాకు అలాంటిదేమీ దక్కలేదు. ఆదిభట్లలో డ్యూటీ దిగి కంపెనీ బస్సెక్కి కూర్చున్నాను, షాహీన్ ఫోన్ చేసింది. షాహీన్ నాతో బడిలో చదువుకుంది. ఇప్పుడు ఇబ్రహీంపట్నం బస్టాండ్ దగ్గర జిరాక్స్ షాపు నడుపుతోంది.

"నీకెరుకైందానే? లెక్కల టీచర్ పోయిందట."

"ఎప్పుడు?"

"మొన్ననే. పట్నంల, దవాఖానల. అన్న కొడుకొచ్చి అటునుంచి అటే వాళ్ల ఊరికి తీస్కపోయిండట. ఈడ ఎవ్వరికీ తెల్వనే తెల్వదు. పక్కింటామె ఇయ్యాల జిరాక్సుకొచ్చి చెప్పింది."

మొన్న సాయంత్రం కూడా ఇదే బస్సులో ఆమె ఇంటి ముందునుంచే వచ్చాను. వరండాలో కుర్చీ ఖాళీగా ఉంది. లోపల ఏదో పనిలో ఉన్నారనుకున్నాను. నిన్నా ఖాళీగానే ఉండి ఉంటుంది. నిన్న నేను అటు చూడనే లేదు, ఫోన్ చూసుకుంటున్నాను.

ఇంటికొచ్చేసరికి మా పదో తరగతి వాట్సాప్ గ్రూపులో ముప్పై నాలుగు మంది చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. లెక్కపెట్టాను. ఎదురుగా కనిపించిందల్లా లెక్కపెట్టే బుద్ధి ఆమె నేర్పిందే. వీళ్లలో ఈ పదేళ్లలో ఆమె ఇంటికి వెళ్లినవాళ్లు ఎందరని గ్రూపులో అడగాలనిపించింది. అడగలేదు. మొదటి జవాబు నేనే చెప్పాల్సి వస్తుంది.

ఆమెది నల్గొండ వైపు ఊరు. భర్త చిన్నతనంలోనే పోయారు, పిల్లలు లేరు. ఉద్యోగం మీద మా ఊరొచ్చి, రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయారు. నూలు చీర, చెవి పక్కన కొప్పులో గుచ్చిన పెన్సిలు. ఆ పెన్సిలు కోసం బల్లంతా వెతుక్కుని, చివరికి మా నవ్వులు విని తల తడుముకునేవారు. కోపం వస్తే గొంతు పెరిగేది కాదు, తగ్గేది. అందుకే ఆమె మెల్లగా మాట్లాడితే మాకు వణుకు.

ఎనిమిదో తరగతిలో కమ్మీ రేఖాచిత్రాల పాఠం, అంటే బార్ గ్రాఫులది, వచ్చింది. పుస్తకంలో ఎవరో ముప్పై మంది పిల్లలకు ఏ పండు ఇష్టమో పట్టిక ఇచ్చి, దానికి గ్రాఫు గీయమన్నారు. ఆమె పుస్తకం మూసేశారు.

"ఈ ముప్పై మంది ఎవరు? మీకేమన్న ఎరుకేనా?"

"లేదు టీచర్."

"మరి ఎరుకలేనోళ్ల పండ్లతోని మనకేం పని? పోయి మీ గల్లీల అడిగి రాండ్రి."

ఏం అడగాలో మమ్మల్నే తేల్చుకోమన్నారు. పొద్దున మీ ఇంట్లో ఏం కూర అని అడుగుదామనుకున్నాం. అడిగి, నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డం, అలా కట్టలు కట్టుకుని గర్వంగా తెచ్చాం. మా పట్టికల ప్రకారం ఆ బుధవారం పూట ఊళ్లో సగం ఇళ్లలో మటనే. టీచర్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

"ఒక్క పొద్దుగాల ఇన్ని మేకలు యాడ తెగినయే?"

క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. మా ఇంట్లో ఆ రోజు పచ్చిపులుసు. మటన్ అని రాసుకున్నది నేనే. ఆమె మాత్రం ఎవరినీ తిట్టలేదు. "తప్పు చెప్పినోళ్లది గాదు. ఇంటి ముంగట నిలబడి కూర ఏందని అడిగితే ఎవరన్న గట్లనే చెప్తరు. అడుగుడు మనకు రాలే," అన్నారు.

అప్పటినుంచి అడగడం నేర్పారు. జవాబు మనం అందించకూడదు. జవాబు విని మొహం మార్చకూడదు. మంచినీళ్లిస్తే తాగి రావాలి. మా గల్లీల్లో సర్వే అన్న మాట ఎత్తకూడదు, ఎత్తితే భూమి కొలవడానికొచ్చారనుకుని తలుపులేసుకుంటారు. తాళం వేసిన ఇంటికి మూడుసార్లు వెళ్లాలి. మూడోసారి కూడా తాళమే ఉంటేనే పట్టికలో 'తాళం' అని రాయాలి. "ఒక్కపారి పోయి లేరని రాస్తే, వాళ్లు లేకపోవుడు గాదది, నువ్వు పోకపోవుడు," అనేవారు. ఈ మాట నాకు ఇప్పుడు నిద్రపట్టనివ్వడం లేదు.

ఔటర్ రింగ్ రోడ్డు వస్తుందన్న మాట ఊళ్లలో అప్పుడే మొదలైంది. భూముల ధరలకు రెక్కలొచ్చాయి. పట్నం నుంచి తెల్ల కార్లు దిగేవి, బడికి పోయే పిల్లల్ని ఆపి ఫలానా వాళ్ల చేను ఎక్కడని అడిగేవారు. ఊరు మారిపోయింది, మారిపోయింది అని పెద్దవాళ్లు అరుగుల మీద అంటుంటే విని, మేమూ క్లాసులో అదే మాట అన్నాం. "మారిందంటే సరిపోదు, చూపియ్యాలె," అని టీచర్ బోర్డు మీద ఒకే ఒక్క ప్రశ్న రాశారు. నిన్న మీ ఇంటికి ఎవరు వచ్చారు?

చుట్టాలు, ఇరుగుపొరుగు, అమ్మకానికి వచ్చేవాళ్లు, భూమి కోసం వచ్చేవాళ్లు, ఎవరూ రాలేదు. ఇవీ మా గళ్లు. మా గల్లీ నాకూ షాహీన్‌కూ పడింది. ఇరవై రెండు ఇళ్లు. చివరిది, రోడ్డు మలుపు మీదిది, టీచర్‌ది.

ఆ ఇంటికి వెళ్లాలా వద్దా అని మేము బయట నిలబడి గుసగుసలాడుకున్నాం. ఆమే తలుపు తీసి, మమ్మల్ని కొత్తవాళ్లను చూసినట్టు చూసి, "అడుగుండ్రి," అన్నారు. అడిగాను. ఆమె నిజంగానే కాసేపు ఆలోచించారు.

"నిన్ననా? నిన్న ఎవ్వరు రాలే."

"మొన్న, టీచర్?" అంది షాహీన్, ఉండబట్టలేక.

"ప్రశ్నల మొన్న లేదు," అని మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లారు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. మా ఇంట్లో రోజూ ఎవరో ఒకరు. మేనత్తలు, పాలామె, గాజులామె, ఈ మధ్య భూమి వాళ్లు. ఎవరూ రాని ఇల్లు ఒకటి ఉంటుందని, అది మా టీచర్ ఇల్లని నాకు తెలియదు. ఇంటికి పోయి ఆ గీతను చెరిపేసి, ఇరుగుపొరుగు గడిలో ఒక గీత పెట్టాను. షాహీన్‌కు కూడా చెప్పలేదు.

మర్నాడు ఆమె పట్టికలన్నీ చూసి, నన్ను ఒక్కదాన్నే వరండాలోకి పిలిచారు. గొంతు బాగా మెల్లగా ఉంది.

"నేను చెప్పింది ఏడ పోయింది?"

"మేం వచ్చినం గద టీచర్ మీ ఇంటికి," అన్నాను.

"మీరొచ్చింది నిన్న. నేను చెప్పింది అంతకు ముందుదినం సంగతి. ఇంకోటి, మీరు పనిమీద వచ్చిండ్రు. అడగనీకి వచ్చినోళ్లు లెక్కకు రారు." కొప్పులోంచి పెన్సిలు తీసి, దాని వెనకున్న రబ్బరు నా వైపు తిప్పి ఇచ్చారు. "నా మీద జాలిపడి రాసినవు. జాలితోని రాస్తే అది నా జవాబు గాదు బిడ్డా, నీ జవాబైతది. దిద్దు."

దిద్దాను. గట్టిగా రుద్దానేమో, కాగితం కాస్త చిరిగింది కూడా.

"ఎప్పుడన్న ఊకెనే రా," అన్నారు, పెన్సిలు కొప్పులో పెట్టుకుంటూ. "ఏం పని లేకుంట. అప్పుడు ఎవరన్న అడిగితే నేనే చెప్త, ఒకరొచ్చిండ్రని."

క్లాసంతా కలిసి పెద్ద చార్టు గీశాం. ఇంటికో గడి అనుకుని మొదలుపెట్టామేమో, భూమి కోసం వచ్చినవాళ్ల కమ్మీ చార్టు దాటిపోయింది. టీచర్ స్కేలు మార్చమంటారనుకున్నాం. "ఈ ఒక్కపారికి ఇంకో కాయితం అతికియ్యుండ్రి. చూసినోళ్లు జర భయపడాలె," అన్నారు. ఆ కమ్మీ గోడ మీద పైకప్పు దాకా పోయింది, హెడ్మాస్టర్ కూడా వచ్చి చూశారు. ఎవరూ రాలేదన్న కమ్మీ మాత్రం ఊరంతటికీ కలిపి ఒకే ఒక్క గడి. దానికి రంగు నేనే వేశాను. ఏడాదంతా ఆ చార్టు గోడ మీదే ఉంది, నేను ఏడాదంతా ఆ ఒక్క గడినే చూశాను.

ఊకెనే ఎప్పుడు వెళ్లానో చెప్పమంటారా? వెళ్లలేదు. పదో తరగతిలో సందేహాలడగడానికి వెళ్లాను. తమ్ముడి సర్టిఫికెట్ మీద సంతకానికి వెళ్లాను. పెళ్లి కార్డివ్వడానికి వెళ్లాను. వెళ్లిన ప్రతిసారీ తలుపు తీసి గడపలోనే అడిగేవారు.

"పనిమీదనా, ఊకెనేనా?"

"పనిమీదనే టీచర్," అని నేను నవ్వేదాన్ని.

"సరే, కూసో. పని చెప్పు." ఆమె కూడా నవ్వేవారు.

కంపెనీలో ఉద్యోగం వచ్చినప్పుడు స్వీట్ల డబ్బా పట్టుకెళ్లి, ఈసారి గెలిచాననుకుని, "ఊకెనే వచ్చిన," అన్నాను. ఆమె డబ్బా వైపు చూసి, "స్వీట్లు ఇయ్యనీకి వచ్చినవు. ఇది గూడ పనే," అన్నారు. ఆ రోజే చెప్పాను, మా కంపెనీ బస్సు మీ ఇంటి మలుపులోంచే పోతుందని. "ఏ కిటికీ కాడ కూసుంటవ్?" అని అడిగారు. ఎడమ పక్క మూడోది అన్నాను. అంతే, ఆ తరవాత రోజూ సాయంత్రం బస్సు మలుపు తిరిగేసరికి ఆమె వరండా కుర్చీలోంచి చెయ్యెత్తేవారు. నేనూ ఎత్తేదాన్ని. దాంతో రోజూ కలుసుకుంటున్నట్టే అనిపించేది. వెళ్లాల్సిన అవసరం లేదన్నట్టే ఉండేది. చెయ్యెత్తడం అంత సుఖమైన పని.

ఈ మధ్య ఒక ఆదివారం నిజంగానే బయల్దేరాను. పిల్లలు వాళ్ల నాయనమ్మ దగ్గరున్నారు, వంట తొందరగా అయిపోయింది. ఖాళీ చేతులతో, చెప్పడానికి ఏ పనీ లేకుండా వెళ్లాను. తలుపుకు తాళం ఉంది. నిజం చెబుతున్నాను, తాళం చూస్తే నాకు బాధ కలగలేదు, హాయిగా అనిపించింది. వచ్చాను కదా, లేరు కదా, ఇక నా తప్పు లేదు. రెండోసారి వెళ్లలేదు. ఆ ఆదివారం ఆమె దవాఖానలో ఉన్నారని షాహీన్ ఫోన్‌లో చెబితేనే తెలిసింది. ఆ తరవాత ఇంటికి తిరిగొచ్చి కొన్ని వారాలున్నారట. బస్సుకు చెయ్యెత్తుతూనే ఉన్నారు, నాకు తెలుసు. చిక్కిపోయారని కూడా కిటికీలోంచి కనిపించింది. ఒకరోజు వెళ్లాలి అనుకున్నాను.

కబురు తెలిసిన మర్నాడు డ్యూటీకి సెలవు పెట్టి వెళ్లాను. అదే తాళం. కుర్చీ ఇంకా వరండాలోనే ఉంది. అందులో కూర్చోవడానికి మనసొప్పక మెట్టు మీద కూర్చున్నాను. కాసేపటికి పక్కింటామె గోడ మీదుగా చూసింది.

"టీచర్ లేదమ్మా. పోయింది."

"ఎరుకేనమ్మా."

"మరి ఏం పనిమీద వచ్చినవు?"

"ఏం పని లేదు. ఊకెనే వచ్చిన," అన్నాను.

ఆమె ఇంకేమీ అడగకుండా లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చింది. తాగాను. తాగి రావాలని కదా నియమం. నియమం ప్రకారం నేను ఇంకోసారి కూడా రావాలి. ఇది రెండోసారే. వస్తాను.

సాయంత్రమైంది. మా బస్సు మలుపు తిరిగింది. ఇన్నేళ్లలో ఆ బస్సును నేను ఆ వరండాలోంచి చూడటం అదే మొదలు. అద్దాలన్నీ నల్లవి, వాటి మీద సాయంత్రపు ఎండ పడి మెరుస్తోంది. లోపల ఎవరున్నారో, అసలు ఎవరైనా ఉన్నారో లేదో, ఏమీ కనిపించలేదు. నేను ఎత్తిన చెయ్యి ఆమెకు ఒక్కరోజు కూడా కనిపించి ఉండదు. అయినా ఆమె రోజూ ఎత్తారు.

నేను లేచి నిలబడి, ఎడమ పక్క మూడో కిటికీ వైపు చెయ్యెత్తాను. బస్సు ఆగకుండా వెళ్లిపోయింది.