మగ్గాల ఇంటి గొంతు

ఇవాళ పొద్దున నేను పనిచేసే వార్డులో అప్పుడే తుడిచిన నేల మీది ఫినాయిల్ వాసన తగలగానే నాకు పదహారేళ్ల వయసు వచ్చేసింది. మోకాళ్లకు మాత్రం రాలేదు, అవి నలభై ఆరు దగ్గరే ఉండిపోయాయి.

సోలాపూర్‌లో తెలుగు నేతవాళ్లుండే నీలం నగర్‌లో మా ఇల్లు. ముందు గదిలో నాలుగు మరమగ్గాలు, వెనక గదిలో మేం. వానాకాలంలో తడి నూలు వాసన, ఎండాకాలంలో వేడెక్కిన నూనె వాసన, బతుకమ్మ రోజుల్లో దంచిన నువ్వుల పొడి కమ్మదనం, ఏ కాలంలోనైనా అమ్మ బీడీల చాటలోంచి లేచే తంబాకు ఘాటు, వీటన్నిటి మీదుగా ఆగని టకటకలు. ఆ మోతలో పక్కనున్న మనిషిని నీళ్లు అడగాలన్నా అరవాలి. మగ్గం ఆగినా మేం తగ్గం. అరుపు కూడా అందని దూరమైతే పెదవులు కదిపేవాళ్లం. మగ్గం దగ్గర నిలబడి నాయిన చప్పుడు లేకుండా 'చాయ్' అంటే, నేను పొయ్యి దగ్గర్నుంచే చూసి గిన్నె పెట్టేదాన్ని. అదొక విద్య అని మాకెవరికీ తెలియదు.

పది పాసయ్యాక, మిషన్ ఆసుపత్రిలో నర్సులకు సాయంగా ఉండే పని నేర్పుతారని, తిండీ పడకా అక్కడేనని తెలిసింది. మొదటి నెల చూస్తారు, పనికిరాకపోతే ఇంటికి పంపేస్తారు. అమ్మ నా బట్టలు రేకు పెట్టెలో సర్దుతూ, "పంపిచ్చినా ఫికర్ లేదు బిడ్డా, నీ బీడీల చాట ఈడనే ఉంటది" అంది. ఓదార్పుగానే అంది. ఆ చాట నన్ను వెనక నుంచి తరిమింది.

అక్కడ వేపచెట్లు, రాతితో కట్టిన చర్చి, గంట కొడితే లేవడం, గంట కొడితే తినడం. ఇంటి నుంచి తెచ్చుకున్న కరకరలాడే కడక్ జొన్నరొట్టెలు, పల్లి చట్నీ గదిలోని అమ్మాయిలు మూడు రోజుల్లో ఊడ్చేశారు, స్నేహాలు కుదిరాయి. ప్రార్థనలో పాడే మరాఠీ పాటలు త్వరగానే వచ్చాయి. రాగం రాలేదు గానీ గొంతు ముందే ఉంది. మొదట వెనక వరసకు, ఆ తర్వాత తలుపు దగ్గరకు జరిపారు. ఇంకొన్నాళ్లు పాడితే వేపచెట్టు కిందికి చేరేదాన్ని.

అసలు చిక్కు వార్డులో. నేను ఒక తాతను లేపితే వరసంతా లేచి కూర్చునేది. మాకు పని నేర్పే పెద్ద సిస్టర్ మరాఠీ ఆమె, మా వాళ్ల మధ్య పనిచేసి తెలుగు పట్టుకున్నారు. మూడో వారం పిలిచి, "హళూ బోల్, బాళా, మెల్లగ మాట్లాడు. ఈడ మగ్గాలు లేవు. ఇట్లనే ఉంటే నెల ఆఖర్ల పంపియ్యాలె నిన్ను" అన్నారు. "సరే సిస్టర్" అన్నాను. కిటికీ మీది పావురాలు ఎగిరిపోయాయి.

ఆ వారమే గొంతుకు ఆపరేషన్ అయిన ఒక అవ్వ వచ్చింది. మాట లేదు, రాయడం రాదు. ఒక పొద్దున అదే పనిగా చేత్తో మెడ చూపిస్తోంది. నీళ్లిస్తే తోసేసింది, దుప్పటి కప్పితే లాగేసింది. మొండి మనిషని అందరూ పక్కకు జరిగారు. నేను నోరెత్తితే మళ్లీ తప్పవుతుందని భయపడి, ఉత్త పెదవులతో "ఏమైందవ్వా?" అన్నాను.

అవ్వ నా వైపు పారజూసి, తనూ పెదవులు కదిపింది. "ఎవల బిడ్డవే? మగ్గాలింటి పిల్లవా?"

"అవునవ్వా."

"గట్ల చెప్పు. కట్టు బిగుసుకుపోయిందే, మెడ కోస్తున్నది. వీళ్లేమో నీళ్లు దెస్తున్నరు."

పరుగెత్తి సిస్టర్‌కు చెప్పాను, ఎంత గట్టిగా చెప్పానో అడగొద్దు. కట్టు విప్పితే కింద చర్మం కమిలిపోయి ఉంది. అవ్వ ఇంటికి వెళ్లే దాకా ఆమె మంచం పక్కన నాకో స్టూలు వేశారు. ఆమెను అడగవలసినవన్నీ నా చేతనే, అంటే నా పెదవులతోనే, అడిగించారు. నెలాఖరున సిస్టర్ పిలిచి, "గొంతు తగ్గలే. కానీ నీ కండ్లు బాగ వింటయి. ఉండు" అన్నారు.

ఇంటికి వెళ్లి చెబితే అమ్మ, "అయితే నీ చాట చెల్లెకిస్త" అంది. చెల్లెలు ఏడాది దాకా నాతో సరిగా మాట్లాడలేదు.

ఇప్పుడు ఆ ముందు గదిలో మగ్గాలు లేవు, ఎవరికో అద్దెకిచ్చారు. నాయిన లేడు. అమ్మ తమ్ముడి దగ్గర, ఊరి బయట కుంభారి కొత్త కాలనీలో ఉంటోంది. అక్కడ పక్కింటి చెంచా చప్పుడు కూడా వినిపిస్తుంది. మొన్న వీడియో కాల్‌లో, వెనకే కోడలు తిరుగుతోందని, అమ్మ చప్పుడు లేకుండా "కూర సప్పగున్నదే" అంది. నా కూతురు ఫోన్ లాక్కుని, "అమ్మమ్మా, ఆవాజ్ వస్తలేదు, మ్యూట్‌ల ఉన్నవ్" అంటూ బటన్లన్నీ నొక్కింది. నేను దాని భుజం మీదుగా వంగి, పెదవులతోనే, ఆదివారం వచ్చి వండి పెడతానన్నాను. అమ్మ నవ్వింది. ఆ పెదవుల మాట ఇంకా ఆడేవాళ్లం మా ఇంట్లో ఇక మేమిద్దరమే.