కిటికీ ఉన్న చిప్

2003లో పలాస రైల్వే స్టేషన్ ఎదుట నాకు ఎలక్ట్రానిక్స్ రిపేరు దుకాణం ఉండేది. టెక్కలి వైపు ఒకప్పుడు మా ఇంటిపేరు చెబితే మనుషులు లేచి నిలబడేవారు. నా కాలానికి ఆ పేరు ఒక్కటే మిగిలింది. అయినా ఇస్త్రీ చొక్కా తొడగకుండా సోల్డరింగ్ ఐరన్ పట్టలేదు. ఎవరి దగ్గరా ఊరికే ఏదీ పుచ్చుకోలేదు.

పాత కంప్యూటర్ చిప్‌లు సేకరించడం నాకు వ్యసనం. ఏది వింటేజ్, ఏది మోడర్న్ అన్నది మా సేకరణదారుల్లో తెగని వాదన. సిరామిక్ ఒళ్లు, బంగారు పూత ఉంటే వింటేజ్, నల్ల ప్లాస్టిక్ అయితే మోడర్న్ అంటారు కొందరు. చిప్ మీద ముద్రించిన సంవత్సరమే కొలత అని నేను వాదించేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం, జీడిగింజల బట్టీల పొగ వీధంతా మంచులా పరుచుకున్న వేళ, కంచిలి దగ్గరి పల్లె నుంచి మరియమ్మ అనే పెద్దావిడ గోనెసంచిలో చెక్కపెట్టె తెచ్చింది. వాళ్ల చర్చిలో ఆరాధన వేళకి రాగం మోగించే ఎలక్ట్రానిక్ గంట అది. రేడియో మెకానిక్ అయిన ఆమె భర్త తయారుచేశాడు. రాగమూ ఆయన కట్టిందే. ఆయన పోయాక, గాలివానకి చర్చి రేకులు లేచిపోయి, పెట్టె పగిలి ఎండలో పడి ఉందట.

"పాత సామాను తీసీసి కొత్తది ఏసీయండి బాబూ. ఆయన పాట ఇనిపిత్తే సాలు."

లోపల ఈప్రామ్ ఉంది. నడుమ చిన్న గాజు కిటికీ ఉండే మెమరీ చిప్ అది. కిటికీలోంచి ఎండ చాలాకాలం పడితే రాసింది చెరిగిపోతుంది. అందుకే పైన స్టిక్కరు అంటిస్తారు. ఇక్కడది ఊడిపోయింది. వంగి చూస్తే గాజు కింద సిలికాన్ నెమలికన్నులా మెరిసింది. సిరామిక్, బంగారం, ఎనభైల నాటి ముద్ర. ఏ కొలతకైనా వింటేజే.

"అమ్మా, పాట ఉన్నది ఈ పాతదానిలోనే."

"ఇంత ముక్కలోనా? ఇంకేటి, ఆయన హార్మోనీ పెట్టె కూడా ఇందులోనే ఎట్టీసినాడేటి?"

చిప్‌లను చదివి రాసే ప్రోగ్రామర్ అనే పరికరంలో దాన్ని పెట్టాను. స్వరానికొక అంకె. ఒకచోట కొన్ని చెరిగిపోయాయి. మిగిలినవి కొత్త ప్లాస్టిక్ చిప్‌లోకి ఎక్కించి మోగించాను. రాగం నిద్రలో నడుస్తూ మెట్టు తప్పినట్టు ఆగి, మళ్లీ సాగింది.

"అక్కడ కిందికి దిగాల బాబూ," అని కళ్లు మూసుకుని పాడింది. నేను అంకె వేశాను.

"కాదు. అంత బేగి దిగడు ఆయన."

మార్చాను.

"ఇంకాస్త నిలవాల."

నిలిపాను. పొద్దు వాలేసరికి రాగం మొదటినుంచి చివరిదాకా నడిచింది. ఆవిడ బల్ల మీద వేళ్లతో తాళం వేస్తూ, "వచ్చీసినాడు," అంది.

పాత చిప్‌ను నా వైపు తోసింది. ఊరికే పుచ్చుకోనన్నాను.

"ఊరికేటి? మద్దేనం నుంచీ నా గొంతు భరించినారు. అది కూలి కాదేటి?"

నవ్వొచ్చింది. తీసుకున్నాను.

ఆ మధ్యాహ్నం దాకా ఆ రాగం ఆవిడ గొంతులో, ఈ చిప్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. అప్పటికి నా కొట్టులో దానికంటే అవసరమైన చిప్ లేదు. చివరి స్వరం కొత్తదానికి అప్పగించాకే దానికి విశ్రాంతి దొరికింది. అప్పటినుంచి ఏ చిప్ చేతికొచ్చినా, దాని పని ఇంకొకటి అందుకుందా అని ముందు చూస్తాను. అందుకోనంతవరకు నా సేకరణ ఉంచే అద్దాల అరలో పెట్టను.

విశాఖ నుంచి వచ్చిన ఒక సేకరణదారు ఆ అరలో మరియమ్మ ఇచ్చిన చిప్‌ను చూసి, "ఏ కాలం నాటిది?" అని అడిగాడు.

"తయారైంది ఎనభైల్లో. వింటేజ్ అయింది మాత్రం ఈ బల్ల మీదే, నా కళ్లముందే," అన్నాను.