సాక్షి కొట్టే మొదటి దెబ్బ

మా అక్కని చంపినవాణ్ణి ఉరి తీయాలనే నేను కోరుకున్నాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత నేను చేసిన పని చూసి చాలామంది నన్ను మెతక మనిషి అనుకున్నారు. మా నాన్నయితే మనిషివేనా అన్నాడు. నేను మెతకదాన్ని కాను. వాడి చావుని ఎన్ని రకాలుగా ఊహించుకున్నానో నాకే తెలుసు. పొయ్యి ముందు నిలబడి, బాబుకి పాలిస్తూ, గుడివాడ బస్టాండులో బస్సు కోసం చూస్తూ ఊహించుకునేదాన్ని. అందులో ఉరి చాలా చిన్నది. పిల్లలిద్దరూ పడుకున్నాక ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా ఆ ఊహలు వస్తున్నాయి.

అక్క శవాన్ని అవనిగడ్డ ఆసుపత్రి మార్చురీలో చూశాను. మెడ మీద రెండు వేట్లు, భుజం మీద ఒకటి. అడ్డం పెట్టిన ఎడమ చేతికి వేళ్ళు లేవు. వాటిని ఒక పాలిథిన్ కవర్లో వేసి పక్కన పెట్టారు. "ఇవి కూడా తీసుకెళ్ళండమ్మా, మళ్ళీ మర్చిపోతారు" అన్నాడు అక్కడి మనిషి. కవర్లోంచి ఒక వేలికి ఉన్న రాగి ఉంగరం కనిపించింది. దాన్ని చూశాకే అది అక్క అని నా ఒళ్ళు నమ్మింది.

మాది దివిసీమలో సముద్రం అంచున ఉన్న ఊరు. వేట మీద, చేపల అమ్మకం మీద బతికే ఇళ్ళు. ఊళ్ళో గొడవ వస్తే ఎవరూ స్టేషనుకి వెళ్ళరు, పెద్దలు కూర్చుంటారు. వాళ్ళని కాదని పోలీసుల దగ్గరికి వెళ్ళిన ఇంటికి ఊరు మాటలు ఆపేస్తుంది. పెద్దల తీర్పుకి ఒక పద్ధతి ఉంది. తప్పు చేసినవాణ్ణి వలలు ఆరేసే రాటకి కట్టేసి కొడతారు. ఆ మొదటి దెబ్బ మాత్రం సాక్ష్యం చెప్పినవాళ్ళే కొట్టాలి. ఉప్పు నీళ్ళలో తడిపిన తాడు ముందు వాళ్ళ చేతికే ఇస్తారు. నీ చేత్తో నువ్వు కొట్టాల్సి వస్తే అబద్ధం చెప్పవని దాని భావం. బందరు కాలేజీలో చదివే రోజుల్లో ఈ సంగతి హాస్టల్లో గొప్పగా చెప్పుకునేదాన్ని. మీ కోర్టుల కంటే మా ఊరే నయం అనేదాన్ని.

అక్క చనిపోవడానికి ముందు ఏడాది, బావ తెడ్డుతో కొట్టి ఆమె భుజం ఎముక విరగ్గొట్టాడు. వాణ్ణి బావ అనే అలవాటు ఇంకా పోలేదు. పెద్దలు కూర్చున్నారు. వాళ్ళలో మా నాన్న ఒకడు. అక్క కుడి చేతికి కట్టుతో నిలబడి జరిగింది చెప్పింది. నాన్న తాడు తీసి ఆమె ఎడమ చేతిలో పెట్టాడు.

"కొట్టమ్మా. నువ్వు కొడితేనే మిగతావాళ్ళు కొట్టేది."

"వద్దు నాన్నా. బుద్ధి చెప్పి పంపించండి చాలు."

"కొట్టకపోతే నువ్వు చెప్పింది అబద్ధమంటారు."

అక్క కొట్టింది. ఈగని తోలినట్టు కొట్టింది. ఆ తర్వాత మగవాళ్ళు కొట్టారు. వాడి వీపు చిట్లి నిక్కరు దాకా రక్తం కారింది. మా ఊళ్ళో ఇలాంటప్పుడు పిల్లల్ని పంపించేయరు, చూస్తేనే బుద్ధి వస్తుందంటారు. అక్క కూతురు కూడా అందరి పిల్లలతో పాటు ముందు వరసలో కూర్చుని చూసింది. అంతా అయ్యాక అమ్మవారి దగ్గర ఇద్దరి చేతా ప్రమాణం చేయించి, ఇద్దర్నీ ఒకే ఇంటికి పంపించారు.

ఊరు కొట్టిన దెబ్బలు వాడు మర్చిపోయాడు. అక్క కొట్టిందే మర్చిపోలేదు.

పెద్ద చేపలు నరికే కత్తితో, ఇంటి వెనక పాకలో చంపాడు. పిల్ల వలల కుప్ప వెనక ఉంది. వేటు వేసిన ప్రతిసారీ వాడు ఒకే మాట అన్నాడని తర్వాత తెలిసింది. "ఇప్పుడు కొట్టవే. కొట్టు."

పారిపోతుంటే ఊరు పట్టుకుంది. ఆడవాళ్ళు రాళ్ళతో కొట్టారు. ఎవరో వాడి మోకాలి మీద గునపంతో పొడిచారు. వాడి పడవని ఒడ్డు మీదే తగలబెట్టారు. వాణ్ణి కూడా అందులోకి ఈడుస్తుంటే జీపు వచ్చింది. ఎవరు ఫోన్ చేశారో ఇప్పటికీ తెలీదు. ఆ ఫోన్ చేసినవాడు దొరికితే వాణ్ణి కూడా తంతానని మా నాన్న చాలా రోజులు తిరిగాడు.

పిల్లని నేను గుడివాడ తెచ్చుకున్నాను. అప్పటికి మా బాబుకి ఇంకా అడుగులు రాలేదు. మా ఆయన చేపల మేత అమ్మే షాపులో పనిచేస్తారు, నందివాడ చెరువుల వైపు తిరుగుతూ పొద్దుపోయి వస్తారు. అప్పటిదాకా నేను తలుపుకి లోపల గడియ పెట్టి, ఇంట్లో ఉన్న కత్తిపీట మంచం కింద దాచి కూర్చునేదాన్ని. వాడు జైల్లో ఉన్నాడని తెలిసినా సరే. పిల్ల తలుపు వైపు వీపు పెట్టి పడుకునేది కాదు.

విచారణ మొదలయ్యే ముందు వారం నాన్న ఎండు చేపల సంచితో మా ఇంటికి వచ్చాడు. అన్నం తింటూనే మొదలుపెట్టాడు.

"ఉరి పడాల్సిందే అల్లుడూ."

"జీవితాంతం లోపల కూర్చోవడం చిన్న శిక్షేం కాదండీ మావయ్య గారూ" అన్నారు మా ఆయన.

"ఏం శిక్ష? ఆదివారం ఆదివారం కోడికూరంట. నాకే లేదు కోడికూర."

"మీకు షుగరు కదండీ."

"నవ్వు, నవ్వు. పద్నాలుగేళ్ళకి వదిలేస్తారు. సత్ప్రవర్తన అని దండేసి మరీ పంపిస్తారు. తిన్నగా ఈ పిల్ల పెళ్ళి పందిట్లోకి వచ్చి పీట మీద కూర్చుంటాడు, అల్లుడి కాళ్ళు కడుగుతానని."

మా ఆయన నా వైపు చూశారు. నేను నాన్న వైపే ఉన్నాను. పెళ్ళి దాకా ఎందుకు, మా వీధి మలుపులో వాడు కుంటుకుంటూ వస్తున్నట్టు ఆ క్షణంలోనే కనిపించింది నాకు. చస్తే తప్ప ఆ నడక ఆగదనిపించింది.

నాన్న పిల్లని దగ్గరికి తీసుకున్నాడు. "బంగారం, చూసింది చూసినట్టు చెప్పు. నువ్వు చెప్తే మీ అయ్యని ఉరేస్తారు." పిల్ల తలూపింది. ఆ మాట నాన్న ఒక్కడే అనలేదు. ఊరి నుంచి ఎవరు వచ్చినా ధైర్యం చెప్తున్నామనుకుని ఇదే చెప్పారు. నేనూ ఆపలేదు.

బందరు కోర్టులో పిల్లకి ముద్దాయి కనిపించకుండా తెర కట్టారు. జడ్జి గారు ఆడమనిషే. మెల్లగా మాట్లాడారు. ఏ క్లాసమ్మా, ఏం కూరంటే ఇష్టం అని అడిగారు. పిల్ల జవాబులు చెప్పింది.

"అబద్ధం చెప్తే ఏమవుతుందమ్మా?"

"కొడతారు."

"మరి నిజం చెప్తే?"

పిల్ల తన చేతుల వైపు చూసుకుంది. జడ్జి గారు మళ్ళీ అడిగారు. పిల్ల గౌను తడిసిపోయింది. నోరు మాత్రం తెరవలేదు. భోజనాల తర్వాత చూద్దామన్నారు.

వరండాలో ప్రభుత్వ వకీలు నన్ను పక్కకి పిలిచాడు. "నరుకుతుంటే చూసింది ఈ పిల్లొక్కతేనమ్మా. ఊరంతా కలిసి కొట్టారు కాబట్టి, కక్షతో ఇరికించారని అవతలి లాయరు అంటాడు. పిల్ల నోరు విప్పకపోతే వాడు నడుచుకుంటూ బయటికి వస్తాడు."

నాన్న విన్నాడు. రెండు అంగల్లో వచ్చి పిల్ల జబ్బ పట్టుకున్నాడు. "చెప్పవేంటే? నీ తల్లిని నరికినవాడు నీకు ముద్దొచ్చాడా?" చెయ్యి ఎత్తాడు. నేను రెండు చేతులతో నాన్న గుండెల మీద తోశాను. ఆయన వెళ్ళి స్తంభానికి కొట్టుకున్నాడు. నల్లకోట్ల వాళ్ళందరూ మా వైపు తిరిగి చూశారు.

పిల్లని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి కడిగాను. వేరే గౌను తేలేదు. నా చున్నీ నడుముకి చుట్టాను. ముడి వేస్తుంటే అడిగింది.

"పిన్నీ, తాడు నేనే లాగాలా?"

"ఏ తాడే?"

"ఉరి తాడు. చెప్పినవాళ్ళే కదా ముందు."

నేను ముడి సగంలో వదిలి దాని ముందు కూర్చున్నాను.

"అమ్మ మెల్లగా కొట్టింది" అంది. "మెల్లగా కొడితేనే చంపేశాడు. నేను గట్టిగా లాగలేను పిన్నీ. సరిగ్గా చావకపోతే లేచి వస్తాడు కదా."

ఇన్ని నెలలు ఈ పిల్ల మా ఇంట్లో అన్నం తింటూ, నా పక్కన పడుకుని, ఆ తాడు పట్టుకుని ఉంది. మేమందరం రోజూ దాన్ని దాని చేతికి ఇస్తూనే ఉన్నాం.

"ఇక్కడ అలా కాదమ్మా. చెప్పినవాళ్ళు ఎవర్నీ కొట్టక్కర్లేదు. చెప్పేసి ఇంటికి వెళ్ళిపోవడమే."

"మరి ఎవరు లాగుతారు?"

"దానికి వేరే మనిషి ఉంటాడు."

"ఆయన చూశాడా?"

"లేదు."

"చూడకుండా ఎలా లాగుతాడు?"

నేను డిగ్రీ చదివాను. మరణశిక్ష ఉండాలా, జీవిత ఖైదు చాలా అని కాలేజీలో వక్తృత్వ పోటీలో మాట్లాడాను కూడా. ఉండాలనే మాట్లాడాను. ఆ కుళాయి దగ్గర ఒక్క వాక్యం కూడా గుర్తుకు రాలేదు.

"నేను చెప్తే నాన్న చచ్చిపోతాడా?" అని అడిగింది. ఆ గొంతులో ప్రేమ ఉందో భయం ఉందో నాకు తెలియలేదు. రెండూ ఉండి ఉంటాయి.

పిల్లని చెట్టు కింద టైపు చేసే ఆవిడ దగ్గర కూర్చోబెట్టి వకీలు దగ్గరికి వెళ్ళాను.

"సార్, మీరు ఉరి అడగొద్దు."

టిఫిన్ బాక్సు మూత పెడుతున్నవాడు తలెత్తాడు. "మొన్నటిదాకా మీరే కదమ్మా అడగమన్నది? అయినా అదంతా నేరం రుజువయ్యాక సంగతి."

"ఇప్పుడే చెప్పాలి సార్. నేను పిల్లకి అబద్ధం చెప్పలేను."

ఆయన బాక్సు సంచిలో పెట్టాడు. "నేను అడగను. కానీ వేసేది జడ్జి గారు, నేను కాదు. సాక్ష్యంలో ఏం చెప్పాలో మాత్రం పిల్లకి నూరిపోయకండి."

వెనక నాన్న ఉన్నాడు. "అది నీ తోడబుట్టిందేనా?" అన్నాడు. "నువ్వు మనిషివేనా?"

చెప్పడానికి నా దగ్గర ధర్మపన్నాలేం లేవు. వాడు చావాలని నాకు ఆ నిమిషంలో కూడా ఉంది. కానీ వాడి చావుని మోయాల్సింది మేం కాదు, తొమ్మిదేళ్ళ పిల్ల.

పిల్లతో నాకు తెలిసినంతే చెప్పాను. "మనం ఉరి అడగడం లేదు. జడ్జి గారు ఏం వేస్తారో నాకు తెలీదు. ఏం వేసినా అది ఆవిడ వేసింది, నువ్వు వేసింది కాదు. నీ పని చూసింది చెప్పడమే. చెప్పలేకపోతే ఇంటికి వెళ్ళిపోదాం."

"తాతయ్య కొడతాడు."

"నేనుండగా కొట్టడు."

మధ్యాహ్నం పిల్ల చెప్పింది. ఏ చేత్తో పట్టుకున్నాడో, ఎక్కడ నరికాడో, అమ్మ ఏ వైపు పడిందో, పడ్డాక కాళ్ళు ఎలా కొట్టుకున్నాయో చెప్పింది. "ఇప్పుడు కొట్టవే అన్నాడు" అంది. ఆ మాట వాడి గొంతుతోనే అంది. తెర అవతల నుంచి ఒక దగ్గు వినిపించింది, అంతే. ఇదంతా నీకెవరు నేర్పారమ్మా అని అవతలి లాయరు అడిగాడు. "నేర్పలేదండీ. నేను వలల వెనకున్నాను" అంది.

వాడికి యావజ్జీవం పడింది.

తర్వాత నాన్న చాలా కాలం మా ఇంటికి రాలేదు. వచ్చిన రోజు కూడా లోపలికి రాకుండా అరుగు మీదే కూర్చున్నాడు. మంచినీళ్ళిస్తే పక్కన పెట్టాడు. "వాడు బతికున్నన్నాళ్ళూ మీ అక్క చేతికి నేను తాడిచ్చిన సంగతి ఎవడో ఒకడు అంటూనే ఉంటాడు" అన్నాడు. "వాడు పోతే ఆ మాట కూడా పోయేదమ్మా." నేను పక్కనే కూర్చున్నాను. పోయేది కాదు నాన్నా అనాలనిపించింది. ఊళ్ళో పెద్దలు ఇప్పటికీ కూర్చుంటున్నారు, తాడు ఇప్పటికీ సాక్షి చేతికే ఇస్తున్నారు. నాన్న మాత్రం కూర్చోవడం మానేశాడట. ఆ సంగతి ఆయన చెప్పలేదు, వేరేవాళ్ళు చెప్పారు.

ఉరి పడి ఉంటే నేను నిశ్చింతగా ఉండేదాన్నని ఇప్పటికీ అనుకుంటాను. ఆ మాట దాచను. గేటు చప్పుడైతే, ఎవరైనా కుంటుకుంటూ వస్తున్నారేమోనని ముందు కిటికీలోంచి చూస్తాను.

పోయిన నెలలో అలాగే చప్పుడైంది. ఒక కానిస్టేబులు వచ్చాడు. బావ తల్లికి బాగోలేదట, జైలు నుంచి కొద్ది రోజులు పెరోల్ అడిగాడట. మృతురాలి తరఫు వాళ్ళకి అభ్యంతరం ఉందో లేదో కనుక్కోవాలట.

"ఉంది" అన్నాను.

"కారణం ఏం రాయమంటారమ్మా?"

"భయం అని రాయండి."

"ఎవరికి?"

"నాకు."

రాసుకుని లోపలికి చూశాడు. "ఆ పాప ఉందా అండీ? పాపని కూడా ఓ మాట అడిగితే..."

"అడగడానికి లేదండీ. అది చెప్పాల్సింది ఎప్పుడో చెప్పేసింది. ఇంక ఏమున్నా నన్నడగండి. ఎన్నిసార్లు వచ్చినా నన్నే అడగండి."

అతను వెళ్ళాక తలుపుకి గడియ పెట్టాను. లోపల పిల్ల లెక్కలు చేసుకుంటోంది. మా బాబు దాని రబ్బరు నోట్లో పెట్టుకున్నాడు.

"ఎవరు పిన్నీ?"

అబద్ధం చెప్దామనుకున్నాను. "పోలీసాయన. మీ నాన్న సెలవు అడిగాడంట. నేను వద్దన్నాను."

"నువ్వా?"

"నేనే."

పిల్ల తమ్ముడి నోట్లోంచి రబ్బరు లాక్కుని గౌనుకి తుడుచుకుంది.

"ఏడెనిమిదులు ఎంత పిన్నీ?"