నాలుగు ఓటములు, ఒక గోల్‌కీపర్

నేను రిటైర్ కావడానికి ఐదేళ్ల ముందు, జూన్ మొదటి వారంలో, విజయనగరంలో ఒక ప్రైవేటు క్లబ్ మహిళల ఫుట్‌బాల్ జట్టుకి హెడ్ కోచ్‌గా చేరాను. ఒప్పందం పదకొండు నెలలు. ఫలితాలు సంతృప్తికరంగా లేకపోతే పదిహేను రోజుల నోటీసుతో కమిటీ నన్ను తొలగించవచ్చని అందులో ఒక షరతు ఉంది. సంతృప్తికరం అంటే ఏమిటో ఎక్కడా రాసి ఉండదు. కోచ్‌ల ఒప్పందాలన్నీ ఇంచుమించు ఇలాగే ఉంటాయి. సంతకం పెట్టేటప్పుడు ఎవరూ ఆ వాక్యం దగ్గర ఆగరు. నేనూ ఆగలేదు.

ఆ ఏడు లీగ్‌లో మాకు పది ఆటలు. మొదటి నాలుగూ ఓడిపోయాం.

నా పద్ధతి ఇది: నలుగురు డిఫెండర్లనీ మైదానం మధ్య గీత దాకా ముందుకి తెచ్చి నిలబెట్టడం. దీన్ని హై లైన్ అంటారు. అవతలి జట్టుకి బంతి ఆడే చోటు దొరకదు. కానీ ఒక్క పొడుగు బంతి మనవాళ్ల తలల మీదుగా వచ్చి పడిందంటే, దానికీ గోలుకీ మధ్య మిగిలేది గోల్‌కీపర్ ఒక్కతే.

మా గోల్‌కీపర్ నూకరత్నం. కళింగపట్నం అమ్మాయి, పంతొమ్మిదేళ్లు. తండ్రి పడవ మీద వేటకి వెళ్తాడు, తల్లి చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. నాలుగు ఆటల్లో పదమూడు గోల్స్ పడ్డాయి. గ్యాలరీలో కూర్చున్నవాళ్లకి కనిపించేది వలలోంచి బంతి తీసుకునే మనిషే కాబట్టి, తిట్లన్నీ ఆ పిల్లకే తగిలాయి.

నాలుగో ఓటమి తర్వాత ఆదివారం, క్లబ్ సెక్రటరీ గారు రాజాంలోని తమ రైస్ మిల్లు ఆఫీసుకి రమ్మన్నారు. మాట మోటుగా ఉన్నా ఆటంటే నిజంగా ఇష్టమున్న మనిషి. ఇంకో కోచ్‌తో మాట్లాడటం అప్పటికే అయిపోయిందని దాచకుండా చెప్పారు. తర్వాత కాఫీ తెప్పించి, అసలు సంగతికి వచ్చారు.

"గోల్‌కీపర్ని మార్సండి మేడమ్. మార్సితే కమిటీకి నేను సెప్పుకుంటాను. మార్సనంటే మాత్రం నేనేటీ సెయ్యలేను."

నేను రెండు రోజులు గడువడిగాను. మా వృత్తిలో ఇది కొత్తేమీ కాదు. ఒక ఆటగాణ్ణి పక్కన పెడితే కోచ్‌కి రెండు మూడు ఆటల ఊపిరి దొరుకుతుంది. దాచడమెందుకు, తిరిగి వస్తూ బస్సులోనే వచ్చే ఆట జాబితాలో రిజర్వు గోల్‌కీపర్ పేరు రాసేసుకున్నాను.

మర్నాడు పొద్దున్న, అసిస్టెంట్ కోచ్ రాంబాబు ఫోన్లో తీసిన వీడియోలు ముందేసుకుని కూర్చున్నాను. నూకరత్నం తప్పులు ఏరి కమిటీకి చూపించాలన్నదే ఉద్దేశం. ఒక్కో గోలుకీ ఒక్కో కాగితం మీద మైదానం బొమ్మ గీసి, ఎవరెక్కడ ఉన్నారో గుర్తులు పెట్టాను. మాది వీణ నేర్పే ఇల్లు. తప్పు ఎక్కడ పడిందో వినకుండా మళ్లీ మొదటినుంచి వాయించొద్దని నాన్నగారు శిష్యుల్ని కసిరేవారు. నేను నాలుగు ఆటలు అలాగే వాయించాను. పదమూడు గోల్స్‌లో ఆ పిల్ల తప్పులు రెండు. మిగతా పదకొండూ నేను నిలబెట్టిన గీత వెనక ఖాళీలోంచి వచ్చినవే.

ఆ సాయంత్రం ప్రాక్టీసుకి నూకరత్నం అందరికంటే ముందు వచ్చింది. విషయం ఎవరో చెప్పేశారు. గ్లౌజులు వేసుకోలేదు, చేత్తో పట్టుకుని ఉంది.

"నన్ను తీసెయ్యండి మేడమ్. మీ ఉజ్జోగం ఉంటాది. నాకేటి, వచ్చే ఏడు ఆడుకుంటాను."

తప్పు నాదని చెప్పి, బొమ్మలు గీసిన కాగితాలు చూపించాను. ఒక్కొక్కటే తిరగేసి చూసింది.

"నా ముందర ఇంత జాగా వదిలేస్తే ఒక్కదాన్నీ ఏటి సెయ్యగలను మేడమ్? మొదటాట కాడినుంచీ సెప్దామనుకుంతన్నాను."

మరెందుకు చెప్పలేదన్నాను.

"మీరు అడగలేదు కదా," అంది.

గ్లౌజులు వేసుకోమన్నాను.

అడిగిన గడువు తీరేలోగా కమిటీకి ఒక పేజీ రిపోర్టు రాశాను. లోపం పద్ధతిలో ఉంది, ఆ పద్ధతి నాది, గోల్‌కీపర్ మారదు, డిఫెన్స్ వెనక్కి జరుగుతుంది. రాంబాబు అది చదివి, నోటితో ఏమైనా చెప్పండిగానీ కాగితం మీద పెట్టొద్దని బతిమాలాడు. సెక్రటరీ గారు రెండుసార్లు చదివారు.

"ఇది మీకే ఎదురు తిరుగుతాది మేడమ్. తెలిసే రాసినారా?"

తెలిసే రాశానన్నాను. రెండు ఆటలు చూస్తామన్నారు.

మాకు పన్నెండు రోజులు దొరికాయి. గీతని పాతిక అడుగులు వెనక్కి తెచ్చాను. నలుగురు డిఫెండర్ల నడుములకీ ఒకే తాడు కట్టి, ఒకరు కదిలితే నలుగురూ కదిలేలా నడిపించాను. ఎప్పుడు ముందుకి, ఎప్పుడు వెనక్కి అన్నది అరిచి చెప్పే పని నూకరత్నానికి అప్పగించాను. కెప్టెన్‌కి ఇది నచ్చలేదు, పిరికి ఆట అంది. గెలిచాక ధైర్యం సంగతి మాట్లాడుకుందామన్నాను.

శ్రీకాకుళంలో ఐదో ఆట సున్నా-సున్నా. చూసేవాళ్లు విసుగెత్తి మధ్యలో లేచిపోయారు. ఆరో ఆట మా మైదానంలోనే. చివరి పది నిమిషాల్లో కార్నర్ నుంచి ఒక గోల్ కొట్టాం. మిగిలిన సమయమంతా నూకరత్నం గొంతే వినిపించింది. ఒకటి-సున్నా. ఉద్యోగం నిలబడింది. మిగతా నాలుగు ఆటల్లో రెండు గెలిచి, ఒకటి ఓడి, ఒకటి సమం చేసి, పట్టికలో మధ్యలో నిలిచాం.

పదకొండో నెలలో నా ఒప్పందం పొడిగించలేదు. మొదటి నాలుగు ఓటములకు కోచ్ స్వయంగా బాధ్యత అంగీకరించారని ఉత్తరంలో కారణం రాశారు. రాంబాబు చెప్పినట్టే అయింది. నాకు కష్టంగానే అనిపించింది, కానీ ఆ వాక్యంలో తప్పు పట్టడానికేమీ లేదు. నూకరత్నం ఒక్కసారీ బెంచి మీద కూర్చోకుండా పది ఆటలూ ఆడింది.

తర్వాత రెండు చోట్ల పనిచేశాను. రెండు చోట్లా మొదటి వారంలోనే గోల్‌కీపర్ని పిలిచి, అక్కడినుంచి నీకేం కనబడుతోందని అడిగాను. కోచ్‌ని తీసెయ్యడం కమిటీ చేతిలో పని. ఏ కారణానికి తీసేస్తారన్నది మాత్రం కొంత కోచ్ చేతిలో ఉంటుంది.