మైసమ్మ పుంజు సముద్రం దిగిన కథ

నా మూలంగా ఒకనాడు మందమర్రిలో ఒక గని మొదటి షిఫ్టు మొత్తం దిగకుండా నిలబడిపోయింది. సమ్మె కాదు, పైకప్పు కూలడం కాదు. ఒక కోడిపుంజు ఒళ్లు విదిలించలేదు, అంతే. ఆ పుంజును అట్లా తయారు చేసిన ఘనుణ్ని నేనే. చదివి నవ్వండి, అభ్యంతరం లేదు. కాని నవ్వేటప్పుడు ఆ పిల్ల చెంపను కూడా కాస్త గుర్తుంచుకోండి. నాకు మాత్రం నవ్వు సగంలోనే ఆగిపోతుంది.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. కార్మికుల కాలనీ బడిలో సైన్సు మాస్టర్ని. తల నిండా నూనె, నూనె కింద అహంకారం. ఆ రోజుల్లోనే ఇద్దరు మనుషులు ఇనుప గోళంలో కూర్చుని మహాసముద్రం అడుగుకు, ఏడు మైళ్ల లోతుకు దిగి వచ్చారని పత్రికలో పడింది. నేను ఆ ముక్క చించి జేబులో పెట్టుకుని, ఆ గోళాన్ని నేనే బిగించి పంపినట్టు బడంతా తిరిగాను. నిజానికి నేను అప్పటిదాకా చూసిన అతి పెద్ద నీళ్లు మంచిర్యాల రైలు కిటికీలోంచి గోదావరి. అది కూడా ఎండాకాలంలో. ఇసుకే ఎక్కువ.

తొమ్మిదో తరగతిలో పాఠం మొదలుపెట్టాను. గ్లాసులో కాగితం కుక్కి, బోర్లించి నీళ్లలో ముంచి తీశాను. కాగితం తడవలేదు. "చూశారా? గ్లాసులో గాలి ఉంది. ఆ గాలి నీటిని లోపలికి రానివ్వదు. సముద్రంలో దిగే యంత్రాలకు తాత ఇదే" అన్నాను.

రెండో వరుసలో లక్ష్మి లేచింది. వాళ్ల బాపు కొమురయ్య గనిలో బొగ్గు కొడతాడు. అక్కడ గనిని కూడా బాయి అనే అంటారు.

"సార్, గా గాలి అయిపోతే ఎట్ల? మా బాపు దిగే బాయిల పెద్ద ఫ్యాను ఉంటది. అది ఆగితే అందరిని పైకి దీస్తరు."

"సముద్రం వేరు, మీ బాయి వేరు. కూర్చో."

"లోపలున్నోనికి పైకి వచ్చినమని ఎట్ల తెలుస్తది సార్?"

"పరీక్షలో రాదు, కూర్చో."

నాకు తెలియని ప్రశ్నలన్నీ పరీక్షలో రానివే. ఆ పిల్ల ఆరోజు అడిగిన రెండో ప్రశ్న విని ఉంటే ఈ కథే లేదు.

గ్లాసుతో నా ఆశ తీరలేదు. బడిలో తాగునీళ్ల గంగాళం ఉండేది. ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా కూర్చుని స్నానం చేయగలిగినంత. దాన్ని బోర్లించి, లోపల నా బెత్తాన్ని అడ్డంగా కట్టి, బడి బావిలో దింపాలని నిశ్చయించాను. ఆ బెత్తం జన్మలో చేసిన ఒకే మంచి పని అది. మరి బెత్తం మీద కూర్చోవడానికి పరిశోధకుడు ఎవరు?

"మా ఇంట్ల పుంజు ఉంది సార్" అంది లక్ష్మి. వెంటనే నాలుక కరుచుకుంది. "వద్దు సార్. గది మైసమ్మకు మొక్కిన పుంజు. మా బాపుకు కాలు ఇరిగినప్పుడు అవ్వ మొక్కింది. సోమారం బాపు మల్ల బాయిల దిగుతుండు. దిగేముందు కోస్తరు."

"సోమవారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి కదా. ఒక్క గంట. మీ అవ్వకు చెప్పకు."

ఈ ఆఖరి మూడు మాటలు నేనే అన్నాను. మరొకరి మీదకు నెట్టడానికి చాలా ఏళ్లుగా ప్రయత్నిస్తున్నాను, ఎవరూ దొరకడం లేదు.

గంగాళం మొదట మునగనే లేదు. ఎండాకాలపు బర్రెలా వీపు పైకి పెట్టి తేలింది. చెవులకు రాళ్లు కట్టాం, ఇంకా రాళ్లు కట్టాం, బడి గోడే సగం కట్టామనుకోండి. చివరికి బుడబుడమంటూ దిగింది. ఇరవై మంది పిల్లలు తాడు పట్టుకున్నారు. నీళ్ల కిందినుంచి, పక్క ఊరినుంచి వచ్చినట్టు, కూత వినిపించింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ క్షణంలో నాకు కిరీటం ఒక్కటే తక్కువ.

పైకి తీసేటప్పుడు గంగాళం కాస్త ఒరిగి పుంజు నిండా మునిగింది. గట్టు మీదికి ఎత్తగానే ఒళ్లంతా విదిలించి, అందరి మీదా నీళ్లు చిమ్మి, నన్ను చూసి ముఖం తిప్పుకుంది. ఏడో తరగతి, ఎనిమిదో తరగతి వాళ్లు కూడా చూస్తామన్నారు. కాబట్టి ఇంకో రెండుసార్లు దింపాం, రెండుసార్లూ అట్లాగే మునిగింది. మూడోసారికి పుంజుకు పాఠం పూర్తిగా వచ్చేసింది. చుక్క నీరు తగలగానే కళ్లు మూసి, రెక్కలు బిగించి, ఊపిరి పట్టి, పైకి ఎత్తేదాకా రాయిలా ఉండిపోయేది. ఆ బడిలో నా పాఠం అంత బాగా నేర్చుకున్నది అదొక్కటే.

సోమవారం పొద్దున గని ముందు మైసమ్మ దగ్గరికి నన్ను కూడా పిలిచారు. పంతులుగారు కదా. కొమురయ్య నెత్తిన టోపీ, చేతిలో దీపంతో నిలబడ్డాడు. ఆరోజు దిగకపోతే పేరు కొట్టేస్తామని కంపెనీవాళ్లు చెప్పి ఉన్నారు. మొక్కు తీరకుండా దిగనివ్వనని అతని భార్య, లక్ష్మి తల్లి రాజవ్వ. అతను దిగేదాకా మేమూ దిగమని అతని జట్టు, జట్టును చూసి షిఫ్టంతా.

రాజవ్వ పుంజును నేల మీద నిలబెట్టి పసుపు నీళ్లు పోసింది. నీళ్లు పడ్డాక పుంజు ఒళ్లు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. అప్పుడే కోయాలి.

పుంజు కళ్లు మూసింది. రెక్కలు బిగించింది. ఊపిరి పట్టింది.

నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

ఇంకో చెంబు పోశారు. ఇంకొకటి. పుంజు సముద్రం అడుగున ఉంది.

"ఇంట్ల ఏదో తప్పు జరిగింది" అంది ఒక ముసలమ్మ. "తప్పు జేసినోళ్లు ఒప్పుకోండ్రి. తల్లి అలిగింది."

కొమురయ్య తల దించాడు. "డాక్టర్ వద్దన్నంక గూడ కల్లు తాగిన తల్లీ."

"గది అందరికి తెల్సిందే" అంది రాజవ్వ. "నేను మా అత్తను తిట్టుకున్న తల్లీ. మన్నించు."

"నన్నెప్పుడు తిట్టినవే?" అంది ముసలమ్మ.

పక్కింటాయన రెండు గుడ్లు ఎత్తుకుపోయానన్నాడు. ఇంకొకాయన దేనికైనా మంచిదని, చేయని తప్పు కూడా ఒప్పుకున్నాడు. పుంజు కదల్లేదు. సైరన్ రెండోసారి కూసింది. రాజవ్వ ముఖం మాడిపోయింది. "నువ్వు దిగకు. నౌకరి పోతే పోనీ" అంది మొగుడితో.

లక్ష్మి నావైపు చూసింది. నేను ఆకాశంలో మబ్బులను పరీక్షించసాగాను. మబ్బులు లేవు.

"నేనే అవ్వా" అంది లక్ష్మి. "పుంజును బడికి తీస్కపోయి బాయిల ముంచిన."

చెంప దెబ్బ ఆ గని అడుగుదాకా వినిపించి ఉంటుంది. అప్పుడు, దెబ్బ పడ్డాక, నాకు నోరు వచ్చింది.

"ఆమె కాదు. నేను. చెప్పొద్దని కూడా నేనే అన్నాను."

రాజవ్వ తన చేతిని తానే చూసుకుంది. కొమురయ్య ఒక్కడే దగ్గరికి వచ్చాడు.

"ఎన్నిమాట్ల ముంచిన్రు సార్?"

"మూడుసార్లు."

"ఎప్పుడు ఇదిలిచ్చింది?"

"పైకి ఎత్తాక."

"గట్ల చెప్పుండ్రి. దిగినోనికి పైకి వచ్చినమని తెల్వాలె గద సార్. గప్పుడే ఊపిరి ఇడుస్తడు."

అతను పుంజును రెండు చేతులా పట్టి, మెల్లగా, గనిలోంచి మనిషిని తెచ్చినట్టు తల మీదికి ఎత్తాడు. పుంజు ఒక కన్ను తెరిచింది. రెండోది తెరిచింది. ఒళ్లంతా ఝాడించి విదిలించింది. పసుపు నీళ్లన్నీ నా తెల్ల చొక్కా మీదే. పుంజును కోసి మొక్కు తీర్చాక, కొమురయ్య దండం పెట్టుకుని షిఫ్టుతో కలిసి దిగిపోయాడు.

మధ్యాహ్నం లక్ష్మి మా ఇంటికి గిన్నెలో ఆ పుంజు కూర తెచ్చింది. చెంప ఇంకా ఎర్రగానే ఉంది.

"అవ్వ ఇయ్యమన్నది సార్."

"నా పేరు ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరే చెప్తరనుకున్న సార్" అని, గిన్నె గడప మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ ఏడాదంతా తరగతిలో మళ్లీ ఒక్క ప్రశ్న అడగలేదు.

కాబట్టి పాఠకులారా, మీరే సాక్షులు. తడిసిన చొక్కా మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. కోడిని కాదు, కోడిగుడ్డును కూడా ఇక నీళ్లలో వేయను, వేపుకునే తింటాను. తప్పు ఎవరిదని ఎవరు ఎక్కడ అడిగినా, అది ఏ తప్పో పూర్తిగా వినకముందే లేచి నిలబడతాను. ఇప్పటికి పదకొండుసార్లు నిలబడ్డాను. అందులో తొమ్మిది నావి కావు. అయినా ఆ చెంప బాకీ ఒక్కటీ ఇంకా తీరలేదు.